దాపటి దిక్కు

"నలభై ఏండ్ల బండికి బ్రేకు ప్లేట్లా? గది అమ్మినోడు సుత పోయిండు, కొన్నోడు సుత పోయిండు. నువ్వేంది భయ్యా, ఇంక తిరుగుతున్నవ్?" అన్నడు కరీంనగర్‌ల పాత సామాను దుకాణపాయన.

కొన్నోడు పోయిన మాట నిజమే. దుకాణపాయన ఉత్తగనే అన్నడు. ఆయనకేం ఎరుక?

"జర లోపల చూస్త," అన్నడు మెకానిక్ హనుమండ్లు.

"చూడు. నాలుగోసారి చూస్తున్నవ్. నా దుకాణంల ఎలుకలు సుత నిన్ను గుర్తు పడుతున్నయ్."

మూడు నెలల సంది తిరుగుతుండు. ఆఖరికి ఇయ్యాల ఇనుప కుప్ప అడుగున దొరికినయి, మూత సుత తియ్యని డబ్బాల. లక్సెట్టిపేట బస్సుల గా డబ్బాను ఒళ్లో పెట్టుకొనే కూసున్నడు.

ట్రాక్టర్ అంతయ్యది. వరుసకు బావ. రెండేండ్ల కింద కాలువ కట్ట మీద బోల్తాపడి, దాని కిందనే పాణం ఇడిసిండు. ఇప్పుడు బిడ్డ సృజన తోలుడు నేర్చింది. రేపటి నుంచి పొలం దున్నుతదట. రెండు బ్రేకులూ సరిగ్గ లేకుంటె బిడ్డను ఎక్కనియ్య అన్నది తల్లి శంకరవ్వ.

ట్రాక్టర్‌కు వెనక రెండు టైర్లకు రెండు బ్రేకులు. రెండేండ్ల కింద అంతయ్య బ్రేకులు బాగుచేపిద్దామని హనుమండ్లు షెడ్డుకు తెచ్చినప్పుడు ఒక్క దానికే ప్లేట్లు దొరికినయి. బండి షెడ్డుల ఇడిసి పోతూ పోతూ గేటు కాడి నుంచి అంతయ్య ఒర్రిండు: "దాపటి దానికెయ్ తమ్మీ, గదే పట్టుతలేదు!"

నాగలి పట్టినోళ్లకు దాపటి అంటె ఎడమ. అయిదో తరగతిల బడి ఇడిసి పానా పట్టిన హనుమండ్లుకు ఎద్దుల భాష ఎక్కడిది? అడిగితె నవ్వుతరని ఊకున్నడు. ఇప్పి చూస్తె రెండూ అరిగినట్టే ఉన్నయి. కుడి దానికి వేసిండు.

బండి తీస్కపోయిన తెల్లారే కట్ట మీద బ్రేకు తొక్కితె కుడి టైరొక్కటే పట్టింది. బండి గిర్రున తిరిగి కాలువల పడ్డది.

దినాల నాడు ఓ ముసలాయనను పక్కకు పిలిచి, "దాపటి అంటె ఏ దిక్కు తాతా?" అని అడిగిండు హనుమండ్లు. ఆయన ఎడమ చెయ్యి లేపి చూపిండు.

గా రోజే శంకరవ్వ తమ్ముడు మెకానిక్‌ను తంతనని లేస్తె ఆమెనే అడ్డం పడ్డది. "హనుమండ్లును ఒక్క మాట అన్నా మంచిగుండదు," అన్నది. తన్నినా బాగుండు. గా మాట ఇన్నప్పటి సంది హనుమండ్లు గా వాడకు పోలే.

ఇయ్యాల పోయిండు. దాపటి దానికి ప్లేట్లు బిగించిండు. సృజన బండెక్కి రెండు రౌండ్లు తిప్పి, ఎగిరి బ్రేకు తొక్కింది.

"మామా, గీత గీసినట్టు ఆగింది!"

శంకరవ్వ మాత్రం బండి దిక్కు చూడలే. గోడకు మొఖం చేసి నిలవడ్డది. ఆగిన సప్పుడు ఇన్నంకనే చాయ్ తెచ్చింది.

"రెండేండ్లాయె తమ్మీ, గీ గడప తొక్కక."

"పనులక్కా."

"ఊరు మొత్తానికి నువ్వొక్కనివే మెకానిక్‌వా?"

హనుమండ్లు గ్లాసు కింద పెట్టిండు. చేతులకు గ్రీజు, కండ్లు తుడుసుకుందామన్నా వీలు లేదు.

"బావను నేనే సంపిన అక్కా. దాపటి అంటె తెల్వక కుడి దానికి వేసిన. గప్పుడే చెప్పాలె. దమ్ము లేకపాయె."

శంకరవ్వ ఏడ్వలే. తిట్టలే.

"నాకెరుకే."

"ఎరుకా?"

"షెడ్డు కాడి నుంచి ఇంటికొచ్చేసరికే మీ బావకు తెలిసింది. నవ్వుకుంట వచ్చిండు. 'హనుమండ్లుకు దాపటి తెల్వది గదనే, పొద్దుగాల మల్ల తీస్కపోయి మార్పిచ్చుకొస్త' అన్నడు."

"మరి రాకపాయె గదక్కా?"

సృజన మూడో రౌండు తిప్పుతుంది. శంకరవ్వ మొదటిసారి బండి దిక్కు చూసింది.

"గా పొద్దుగాల నాటేసేటోళ్లు వచ్చి కూసున్నరని, తిట్టి మరీ పొలానికి తోలింది నేనే తమ్మీ."