శాలేమురాజు గారి రేసు క్లచ్

తెనాలి షెడ్డులో మెకానిక్ ఎబినేజర్ రెండు క్లచ్‌లను బల్ల మీద ఉంచి, శాలేమురాజు గారి తుది నిర్ణయం కోరాడు. ఆయన టర్బో స్పోర్ట్స్ కారులో పాత క్లచ్ పూర్తిగా కాలిపోయింది.

“ఇది కంపెనీదండి, మెత్తగా ఉంటది. అది రేసుదండి, తొక్కితే మోకాలు పట్టేస్తది. నెమ్మదిగా పోదామంటే బండి గిత్తదూడలా ఎగిరెగిరి పడుద్ది.”

“నెమ్మదిగా అసలు పోదా?”

“పోదండి.”

“అయితే అదే వెయ్యి.”

ఈ నిర్ణయానికి బలమైన కారణం కలదు. కారు కొన్న నాటి నుండి బాపట్ల, రేపల్లె బంధువర్గం తమ పెళ్లి ఊరేగింపులన్నిటికీ దానిని ఏకగ్రీవంగా నియమించుకుంది. గాలిలా దూసుకుపోగల ఆ వాహనం బ్యాండు మేళం వెనుక సగం తొక్కిన హాఫ్ క్లచ్ మీద పాకుతూ, ఆ క్లచ్‌ను కాల్చుకోవడమే గాక యజమాని సెలవులన్నిటినీ హరించింది. రానంటే, కారు చూసుకుని పొగరనే తీర్మానం వెలువడేది.

కొత్త క్లచ్ బిగించిన వారమే రేపల్లెలో మేనల్లుడి పెళ్లి. చర్చి ముందు శాలేమురాజు గారు కారును ఒక్కసారి కదిపి చూపించారు. వెనుక కూర్చున్న పెళ్లికొడుకు ముక్కు వెళ్లి ముందు సీటుకు తగిలింది.

“చూశారుగా, ఇక ఊరేగింపులకు ఇది పనికిరాదు,” అని ఆయన తీవ్ర విచారంతో ప్రకటించారు.

“ఓస్, అంతేగా మావయ్యా!” అన్నాడు పెళ్లికొడుకు ముక్కు రుద్దుకుంటూ. “న్యూట్రల్‌లో పెట్టి కూర్చో. ట్రాక్టరు లాగుద్ది.”

వెంటనే తాడు కట్టారు. ఇకమీదట క్లచ్ కాలే భయం కూడా లేదనే శుభవార్త, బ్యాండు మొదలయ్యేలోపే బాపట్ల బంధువులకు చేరింది.