సుజన నడక

చనిపోయిన వాళ్ల బొమ్మలు ఇంటి గోడ మీద నడవడం మామూలైపోయిన రోజులవి. పోయిన కూతురు సుజన బొమ్మకి నడక రాయించుకోవడానికి, నాట్యం అడుగుల్ని గుర్తుల్లో రాసే కౌసల్య దగ్గరికి పైడమ్మ వచ్చింది. సుజనకి లెక్కలు చెప్పిన కామేశం మాస్టారు తోడొచ్చాడు.

"వీడియో ఒక్కటీ లేదా అమ్మా?" అంది కౌసల్య.

"కూకున్నవే ఉన్నాయమ్మా. పదో తరగతి నుంచి నడుస్తుంటే తియ్యనిచ్చీది కాదు. ఎవులో నవ్వినారట."

పైడమ్మ నడిచి చూపించబోయింది. కుదరక కళ్లు తుడుచుకుంది. చూడలేక మాస్టారు లేచాడు. ఎడమ మడమ ఈడుస్తూ, కుడి భుజం ఎగరేస్తూ నాలుగడుగులు వేశాడు. కౌసల్య అడుగడుగుకీ ఒక గుర్తు గీసింది. కాసేపటికి తెర మీద సుజన నడిచింది.

"అచ్చం నా పిల్లే బాబూ. ఎంత మనసెట్టి సూసినారు," అని పైడమ్మ దండం పెట్టింది.

"వెనక్కి తిరగడం కూడా చూపించండి సార్, రాసుకుంటాను," అంది కౌసల్య.

మాస్టారు తిరగబోయి ఆగిపోయాడు. తోటి మాస్టార్లని నవ్వించడానికి స్టాఫ్‌రూంలో ఈ నడక ఎన్నిసార్లు నడిచాడో. ఒకరోజు ఇలాగే తిరిగేసరికి, హోంవర్కు పుస్తకాలు పట్టుకుని సుజన గుమ్మంలో నిలబడి ఉంది.

"అలిసిపోనారు, కూకోండి బాబూ," అంటూ పైడమ్మ తన కుర్చీ జరిపింది.

ఆ కుర్చీలో కూర్చోలేక ఆయన మళ్లీ నడిచాడు.