కిటికీలు మూసిన విమానం

విమానాలు బాగుచేసే షెడ్డులో ధవళి అనే ముసలి విమానం ఉండేది. వయసు మీదపడిందని, జనాన్ని ఎక్కించుకోవడం మాన్పించి దాన్ని సరుకులు మోసే విమానంగా మారుస్తున్నారు. ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

సీట్లు పీకేసిన రోజే దాని గుండె జారిపోయింది. పైన దూలం మీద కాపురముంటున్న పావురం ఊరుకుంటుందా?

"అత్తా, నీ పక్క కోస్తున్నారే! ఏనుగు దూరేంత కంత పెడుతున్నారు. పోయినేడు ఒకదాన్ని ఇట్లాగే కోసి కోసి తూకానికి వేశారు," అంది.

"కోస్తే కోయనీ. కిటికీలెందుకు మూసేస్తున్నారే?" అంది ధవళి.

ఎగరబోయే ముందు కిటికీ మూతలన్నీ పైకి లేచేవి. అద్దాలకు ముక్కులు ఆనించిన పిల్లల్ని చూసుకున్నాకే దానికి ధైర్యం వచ్చేది. ఇప్పుడు అక్కడ రేకులు బిగించేశారు.

ఒక పొద్దున దాన్ని బయటికి లాగి, పక్క కోసి పెట్టిన కొత్త తలుపులోంచి అట్టపెట్టెలు ఎక్కించారు. ధవళికి చక్రాలు ఆడలేదు. ఇంతలో కడుపులో కియ్యి కియ్యిమని వినిపించింది. పెట్టెల నిండా నిన్ననే గుడ్డులోంచి బయటపడ్డ కోడిపిల్లలు.

"ఎవరైనా ఉన్నారా? ఏమీ కనిపించడం లేదు. భయమేస్తోంది," అన్నాయవి.

"నేనున్నాగా తల్లీ. కిటికీలు లేకుండా ఎగరడం నాకు కొత్తేం కాదు," అంది ధవళి. బుద్ధెరిగాక అది ఆడిన మొదటి అబద్ధం అదే.

పిల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోయాయి. ధవళి మాత్రం తన వణుకు వాటికి తెలియనీయకుండా, ఒక్క కుదుపైనా లేకుండా నేల విడిచింది.