మెడలో కార్డు

పరాయి దేశం నుంచి వచ్చిన కాపలావాళ్లకి లైసెన్సు ఉండాలని కొత్త రూలు పెట్టారు. పరీక్ష ఇక్కడి భాషలో. నేను గట్టెక్కాను. నన్నీ పనిలో పెట్టించిన బావ తప్పాడు. అదే భాషలో దొంగలకి చెమటలు పట్టించిన మనిషి, కాగితం మీద నాలుగు ముక్కలు రాయలేకపోయాడు.

ఆయన ఇన్నాళ్లూ కాపలా కాసిన గేటు దగ్గరే నాకు మొదటి డ్యూటీ వేశారు. మధ్యాహ్నం బావ వచ్చాడు. యూనిఫాం లేకపోయేసరికి మనిషి సగమైపోయాడు.

"లాకర్లో క్యారేజీ మర్చిపోయాన్రా. మీ అక్క కొనిచ్చింది. ఇట్టే వెళ్లి అట్టే వచ్చేస్తా."

"కార్డు లేదుగా బావా."

"నాకే చెబుతున్నావా?"

పరీక్షకి ముందు ప్రతిరోజూ గదిలో మంచాల మధ్య నన్ను నిలబెట్టి నేర్పింది ఆయనే. "మొహం చూడకు, మెడలో కార్డు చూడు. గేటు దగ్గర చుట్టరికాలు పెట్టుకోకు" అనేవాడు.

అడ్డంగా చెయ్యి చాచాను. "నేనే తెచ్చిస్తాలే బావా."

"అక్కర్లేదు. లోపల క్యారేజీ లేదు, ఏమీ లేదు."

ఆయన వెనక్కి తిరిగి, రోడ్డవతల కారులో కూర్చున్న సూపర్‌వైజర్‌కి కుదరలేదన్నట్టు తల ఊపాడు.

"వదిలేస్తావనుకున్నా. వదిలితే నిన్ను ఇంటికి పంపేసి, నాతో ఇంకోసారి పరీక్ష రాయిస్తానన్నాడు."

చాచిన చెయ్యి దించడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను. బావ దానికేసి చూశాడు.

"ఇంకాస్త కిందికి పెట్టు. అలా పెడితే ఎవడైనా దూరిపోతాడు."