కిటికీ కేసి చూసే మనిషి

“ఇది మాత్రం వద్దమ్మా. చీమ తుమ్మినా పట్టేస్తుంది,” అన్నాడు మైకుల షాపాయన.

“నాకు అదే కావాలి. నాది సన్న గొంతు,” అందామె.

“ఇంట్లో పాడుకోవడానికైతే ఈ రెండోది తీసుకోండి. నోటి దగ్గర పెట్టుకుంటే మీ గొంతు తప్ప ఇంకేం వినబడదు. దానికైతే గది నిశ్శబ్దంగా ఉండాలి.”

“గది సంగతి నేను చూసుకుంటాను.”

పిల్లలకి కథలు వినిపించే కంపెనీ ఒకటి జోలపాటలు పాడేవాళ్ల కోసం వెతుకుతోంది. పెళ్లయ్యాక ఆమె పాట వంటిల్లు దాటలేదు. ఈ అవకాశం పోతే మళ్లీ రాదనుకుంది.

మైకు పెట్టె పట్టుకుని ఇంటికి వస్తుంటే మెట్ల దగ్గర పైవాటా పెద్దాయన ఎదురయ్యాడు. ఆయనా, కొడుకూ, కోడలూ కలిసి పైన సంచులు కుడతారు.

“మైకా? పాడతావా అమ్మా?”

తలూపింది.

“ఎప్పుడు పాడతావు?”

“మీకెందుకండీ?” అంది చిరాగ్గా.

ఆయన నవ్వి, బుర్ర ఊపి పైకి వెళ్లిపోయాడు. ఏం మనిషో అనుకుంది.

మొదటిరోజు పాట నిండా కుట్టుమిషన్ల రొదే. భర్త బీరువా మీది బొంతలన్నీ దింపి గోడలకి వేలాడదీశాడు. పాడేటప్పుడు కిటికీ మూసి, దుప్పటి కప్పమన్నాడు.

మైకు ముందు పాడడం కూడా ఒక్క పూటలో రాలేదు. మరీ దగ్గరికెళితే ‘ప’ అన్నప్పుడల్లా టపాకాయ పేలినట్టుండేది. దూరం జరిగితే గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది. చివరికి జానెడు దూరంలో, కాస్త పక్కకి తిరిగి పాడితే కుదిరింది.

మిషన్ల రొద మాత్రం మర్నాడే మాయమైంది.

“చూశావా, బొంతల మహిమ!” అన్నాడు భర్త.

పాట విని కంపెనీవాళ్లు ఫోన్ చేశారు.

“ఎంత శుభ్రంగా ఉందండీ! ఏ స్టూడియో?”

“మా పడగ్గది.”

ఆ పూటంతా ఆమె కాలు నేల మీద నిలవలేదు.

ఒక్కటే చికాకు. కిటికీ మూయబోయినప్పుడల్లా పెద్దాయన బయటి మెట్ల మీద నిలబడి ఇటే చూస్తుండేవాడు.

“ఆయన చూపు నాకు నచ్చలేదు. వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు,” అంది భర్తతో.

భర్త ఇంటి ఓనరుకి చెప్పాడు. ఓనరు నలుగురిలోనూ పెద్దాయన్ని నిలదీశాడు. ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా తల దించుకుని పైకి వెళ్లిపోయాడు.

“తప్పు లేకపోతే నోరు విప్పడా?” అందామె.

ఆ తర్వాత ఆయన మెట్ల మీద కనబడలేదు.

కొత్త పాటలో మళ్లీ మిషన్ల రొద. ఇంకో బొంత కట్టి పాడింది. అదే రొద. కంపెనీవాళ్లు పాట వెనక్కి పంపారు.

మైకు పాడైందని షాపుకు పరుగెత్తింది. షాపాయన పెట్టి చూశాడు.

“దీనికేం రోగం లేదమ్మా. ఉన్నది ఉన్నట్టు చెబుతోంది.”

ఇంటికొచ్చి నేరుగా పైకి వెళ్లింది. కోడలు మిషన్ ఆపి లేచింది.

“ఇన్నాళ్లూ నా పాటలో లేని చప్పుడు ఇప్పుడెందుకు వస్తోందండీ?”



“మీ కిటికీ మూసుకోగానే మా మామగారు గబగబా వచ్చి మిషన్లన్నీ ఆపించేవారు. మళ్లీ తెరుచుకునేదాకా మేం చేత్తో అంచులు కుట్టుకునేవాళ్లం. పని వెనకబడుతోందని మా ఆయన విసుక్కున్నా వినేవారు కాదు. ఇప్పుడు మీరెప్పుడు పాడతారో మాకెవరు చెబుతారు?”



“ఆయనేరీ?”

“మా మరిది ఇంటికి వెళ్లిపోయారు. ఇక ఇక్కడికి రానన్నారు.”

“నా పాట అంత నచ్చిందా ఆయనకి! ఒక్కసారి ఫోన్ కలపండి. నేను మాట్లాడాలి.”

కోడలు ఆమె కేసి వింతగా చూసింది.

“ఫోన్లో ఏం మాట్లాడతారండీ, ఆయనకి చెవులు పోయి చాలా ఏళ్లయింది, ఆ అమ్మాయి ఎలా పాడిందని రోజూ మమ్మల్ని సైగలతో చెప్పమని అడిగి మురిసిపోయేవారు.”