తెర వెనక టక్ టక్

మా ఆర్కెస్ట్రాలో మనిషెత్తు ఫిడేలులా ఉండే డబుల్ బేస్ వాయించేవాళ్ళకి పెద్ద మెర్విన్. కొత్తవాళ్ళని ఎంచేటప్పుడు మొహాలు కనబడకుండా తెర కడతాం. ఈ మహానుభావుడు మాత్రం, బేస్ అడుగున ఉండే మేకుతో నేలమీద రెండుసార్లు కొట్టి మొదలెట్టమని కొడుకు డార్సీకి నూరిపోశాడు. నా చెవుల్లో దూది ఉందనుకున్నాడు కాబోలు.

మొదట వాయించినవాడు కొట్టలేదు. ఆ వాయింపుకి నాకైతే ఒళ్ళు పులకరించింది.

"ఎవడయ్యా వీడు, గొర్రెని రంపంతో కోస్తున్నాడు? పంపించెయ్యండి!" అన్నాడు మెర్విన్.

తర్వాత తెర వెనక టక్ టక్‌మంది. కమాను తీగ మీద పడీ పడకముందే మెర్విన్ ఊగిపోయాడు.

"ఆహా! చెయ్యంటే ఇదీ! ఉద్యోగం వీడిదే!"

తెర తీశాం. పెర్త్ నుంచి వచ్చిన పిల్ల. మేకు జారకుండా నేలకి రెండు పోట్లు పొడిచి దింపుకుందట.

మెర్విన్ బయటికి పరిగెత్తి డార్సీ మీద పడ్డాడు. "కొట్టలేదేంరా, వెధవా?"

"నేనని తెలియకపోతే నా వాయింపు నీకు నచ్చుతుందో లేదో చూద్దామని, నాన్నా. ఏమన్నావు?"