రెండు బాటలకూ పనికొచ్చే బండి

మారయ్య బండి కింద వెల్లకిలా పడుకుని ఇరుసును గోటితో గీకి చూస్తున్నాడు. అరుగు మీద కూర్చున్న బీరయ్య, బయటికి కనబడుతున్న ఆయన కాళ్లతో మాట్లాడుతున్నాడు.

"టేకు ఇరుసు పటేలా. అనుమానం వద్దు."

"టేకే గనీ, నడుమ చీలిక ఉన్నదా అని చూస్తున్న. మొన్నటి బండిని గిట్లనే నమ్మి మోసపోయిన."

నిజమే. సిరొంచ దగ్గర మారయ్యకు జొన్నచేలున్నాయి. పంటను అహేరి అంగడికి తోలి, వస్తూ వస్తూ అడవి ఊళ్లలో ఇప్పపువ్వు, చింతపండు నింపుకొస్తాడు. దారిలో సగం దొరలు వేయించిన కంకర బాట. మిగతాదంతా రాళ్లు, వాగులు, ఇసుక. ఇనుప పట్టా వేసి, నడుమ ఆకులనే కర్రలు బిగించిన చక్రాలు బాట మీద గుర్రంలా పోతాయి, అడవిలో విరుగుతాయి. నిండు చెక్కతో చేసిన మొద్దు చక్రాలు అడవిలో ఎక్కడైనా పోతాయి, బాట మీద మాత్రం నత్తనడక. పోయిన నెల ఆయన బండి వాగులో విరిగి గింజలన్నీ నీళ్లపాలయ్యాయి. వానలు ముంచుకొస్తున్నాయి. కొత్తది చేయించే వ్యవధి లేదు.

అప్పుడే అక్క ముత్తక్క చెప్పింది. "కమలాపూర్‌ల బీరయ్య ఇంటికి పోయి చూడు. తొందరపడకు. రెండు దినాలైనా సరే, మంచిగ చూసుకొని రా."

ఆ మాట చెప్పాల్సిన పనే లేదు. ఏదైనా ఎంచడంలో తననెవరూ బోల్తా కొట్టించలేరని మారయ్య నమ్మకం. అందుకే తన ఎడ్లను వెంట తోలుకుని మరీ వచ్చాడు.

"నువ్వు తాగుతవా?" బీరయ్య ఉన్నట్టుండి అడిగాడు.

మారయ్య దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు. "పండుగకు ఇంత కల్లు. ఎందుకు?"

"ఊకెనే. ఏండ్ల సంది మా ఇంట్ల ఉన్న బండి. ఎవలకంటే వాళ్లకు ఎట్లిస్తం?"

మెత్తని మనసున్నవాడు, బేరానికి పనికిరాడు అనుకుని మారయ్య లోలోపల సంతోషించాడు.

"బాట మీద, అడవిల రెండు తీర్ల తోలి చూస్త," అన్నాడు.

"చూడు. మా అక్క వెంట వస్తది. ఈ బండి మీద అడవికి తిరిగింది ఆమెనే. దారి ఆమెకే ఎరుక."

బీరయ్య అక్క రాజవ్వ వచ్చి బండి వెనక కూర్చుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. నుదుట బొట్టు లేదు.

కంకర బాట మీద బండి తేలికగా సాగింది. చక్రాల ఆకులు మందమైనవి కావడంతో, పెర్మిలి వైపు అడవిదారి పట్టాక కూడా చప్పుడు పెద్దగా లేదు. వాగు దిగేటప్పుడు మాత్రం కుడి చక్రం రెండు బండల నడుమ ఇరుక్కుంది.

రాజవ్వ కట్టె అందించింది. "ఎడ్లకు ఒక్కటి వెయ్యి. ఎట్ల కదలవో చూస్త."

"కొడితే రాయి కరుగుతదా?"

మారయ్య రుమాలు భుజాన మడతపెట్టుకుని నీళ్లలోకి దిగాడు. చక్రానికి భుజం ఆనించి, ఎడ్లను పేరుపెట్టి బతిమాలాడు. మూడోసారికి బండి ఒడ్డెక్కింది. ఆయన వంగి ఆకులన్నీ తట్టి చూసుకున్నాడు. రాజవ్వ చక్రం వైపు చూడనే లేదు.

తునికి చెట్టు కింద ఆగారు. ఎడ్లను విప్పి నీళ్లు తాపాకే మారయ్య రొట్టె మూట విప్పాడు. సగం ఆమెకు పెట్టాడు.

"ఇంట్ల ఎవలున్నరు?" అంది రాజవ్వ.

"ఎవలూ లేరు. పెండ్లాం పోయింది. అక్క ఇంట్ల తింట, నా ఇంట్ల పండుకుంట."

"మల్ల చేసుకోలేదా?"

"అక్క చెప్పి చెప్పి అలిసిపోయింది. ఈ నడుమ ఆ మాటనే ఎత్తుతలేదు."

"ఎందుకొద్దన్నవ్?"

మారయ్య పుల్ల విరుస్తూ కూర్చున్నాడు. "వెంట్రుకలు తెల్లబడ్డయ్. పోయి అడిగితే మొకం మీదనే కాదంటరని భయం. బండైతే కాదనదు గదా."

ఆమె నవ్వింది. రొట్టె తుంచుతూ తనే చెప్పింది. "ఈ బండి మా ఆయన తోలింది. జరమొచ్చి పోయిండు. కోపమొస్తే ఎడ్లను నెత్తురొచ్చేదాంక కొట్టేటోడు."

ఎడ్లనేనా అని మారయ్య నోటిదాకా వచ్చింది. రొట్టెలో ఇంకో ముక్క తుంచి ఆమె ముందు పెట్టాడు.

పొద్దు వాలకముందే తిరిగొచ్చారు. రాజవ్వ లోపలికి పోయి తమ్ముడితో ఏదో చెప్పింది. బీరయ్య ముఖం వెలిగిపోతూ బయటికొచ్చాడు.

"మా అక్క సరేనన్నది పటేలా!"

మారయ్య ఊపిరి పీల్చుకున్నాడు. మొగుడి బండి కదా, ఆమె మనసొప్పడం ముఖ్యమే.

"నాకూ నచ్చింది. పాతదైనా గట్టిది. కుడి చక్రంల ఒక ఆకు కదులుతున్నది, అది నేనే మంచిగ చేసుకుంట."

బీరయ్య తలుపు వైపు ఓసారి చూశాడు. "ముత్తక్క నీకేం చెప్పి తోలింది?"

"ఏం చెప్తది? పోయి చూసుకో, నచ్చితే తెచ్చుకో అన్నది. ధర చెప్పు, ఇప్పుడే తోలుకపోత."

తలుపు వెనక రాజవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది. బీరయ్య దగ్గరికొచ్చి మారయ్య చేతిలోని పగ్గాలు మెల్లగా తీసుకున్నాడు.

"బండి అమ్మేది కాదు, బావా!"